ఒకే కాలేయంలో రెండు కణుతులు: వలస వచ్చినవా, విడిగా పుట్టినవా?

కాలేయంలో ఒకటికంటె ఎక్కువ క్యాన్సర్ కణుతులు ఒకేసారి కనిపించడం అరుదైన సంగతి కాదు. కుడిభాగంలో నాలుగు సెంటీమీటర్ల కణితి ఒకటి, ఎడమభాగంలో సెంటీమీటరున్నర కణితి మరొకటి ఉన్నాయనుకుందాం. చిన్నది పెద్దదాని నుంచి విడివడి, రక్తనాళాల వెంట ప్రయాణించి, వేరొకచోట వేళ్ళూనిన దాని సంతానమా? లేక పెద్దదానితో ఏ చుట్టరికమూ లేకుండా తనంత తానుగా పుట్టిన మరో క్యాన్సరా? మొదటిదైతే దాన్ని కాలేయాంతర మెటాస్టాసిస్ అంటారు. రెండవదైతే అవి రెండూ వేర్వేరు ప్రాథమిక కణుతులు. ఈ స్థితికి బహుకేంద్రక క్యాన్సర్ అని పేరు. స్కాన్ తెర మీద ఈ రెండు స్థితులూ ఒకేలా కనిపించవచ్చు. సూక్ష్మదర్శిని కింద కూడా ఒక్కొక్కసారి తేడా తెలియదు. రోగికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

మెటాస్టాసిస్ అయితే, క్యాన్సర్ అప్పటికే రక్తనాళాల్లోకి చొరబడిందని అర్థం. కంటికి కనిపించిన రెండు కణుతులతోపాటు కనిపించనివి మరికొన్ని ఉండే అవకాశం ఎక్కువ. కోసి తీసేసినా కొద్ది నెలల్లోనే వ్యాధి తిరిగి రావచ్చు. విడిగా పుట్టినవైతే, ఏ కణితీ ఇంకా ప్రయాణం మొదలుపెట్టి ఉండకపోవచ్చు. అప్పుడు రెంటినీ రెండు తొలిదశ క్యాన్సర్లుగా భావించి నయం చేయడానికి ప్రయత్నించవచ్చు. శస్త్రచికిత్స తరవాత ఈ రెండవ వర్గం రోగులు మొదటి వర్గం వారికంటె ఎక్కువకాలం జీవిస్తున్నారని పలు అధ్యయనాలు చూపాయి. అయితే రెండు క్యాన్సర్లను పుట్టించిన కాలేయం మూడవదాన్ని కూడా పుట్టించగలదు. కనుక కణుతులు ఎన్ని అన్న లెక్కతోపాటు, వాటి మధ్య చుట్టరికం ఏమిటన్నది కూడా తేలవలసిన విషయం. దాన్ని తేల్చే పద్ధతులేమిటి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

యాంగోన్ ఎందుకు?

తీరాంధ్రలోని మన పెద్దలు ‘రంగం’ అని పిలిచిన రంగూన్, నేటి యాంగోన్, ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు. మయన్మార్‌లో 2015లో జరిపిన దేశవ్యాప్త సర్వేలో, రక్తపరీక్ష చేయించుకున్నవారిలో దాదాపు 6.5 శాతం మందికి హెపటైటిస్ బి వైరస్ ఉన్నట్టు, 2.7 శాతం మందిలో హెపటైటిస్ సి ప్రతిరక్షకాలు ఉన్నట్టు తేలింది. అంటే బి వైరస్ ఒక్కటే సుమారు పదిహేనుమందిలో ఒకరిలో ఉన్నట్టు. కాలేయ క్యాన్సర్లలో అత్యధికభాగమైన హెపటోసెల్యులార్ కార్సినోమాకు ప్రపంచమంతటా ఈ రెండు వైరస్‌లే ప్రధాన కారణాలు. యాంగోన్ రోగుల నుంచి సేకరించిన వైరస్‌లను పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బి వైరస్‌లో సి అనే జన్యురకమే ఎక్కువగా కనిపించింది. బి జన్యురకం సోకినవారికంటె సి జన్యురకం సోకినవారికి క్యాన్సర్ ముప్పు ఎక్కువని తైవాన్ పరిశోధనలు నిర్ధారించాయి.

వైరస్ ఎప్పుడు సోకిందన్నది కూడా ముఖ్యమే. పెద్దయ్యాక హెపటైటిస్ బి సోకితే నూటికి తొంభై అయిదుమందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టుకసమయంలో తల్లి నుంచి సోకితే నూటికి తొంభైమంది శిశువుల్లో అది జీవితాంతం ఉండిపోతుంది. మయన్మార్ ఈ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చింది 2003లో. అంతకుముందు పుట్టినవారిలో చాలామంది ఏ రక్షణా లేకుండానే పెరిగారు. అలా చిన్నతనంలోనే వైరస్ సోకిన కాలేయం నలభై, యాభై ఏళ్ళపాటు దానితో సహవాసం చేస్తుంది.

ఆ సహవాసంలో కాలేయకణాలు చస్తూ ఉంటాయి, కొత్తవి పుడుతూ ఉంటాయి. గాయపడినచోట మచ్చకట్టి, మచ్చల మధ్య కణజాలం గడ్డలుగా తిరిగి పెరిగి, కాలేయం సిర్రోసిస్ దశకు చేరుకుంటుంది. కణం విభజన చెందిన ప్రతిసారీ దాని డీఎన్‌ఏలో పొరపాట్లు దొర్లే వీలుంది. ఆ పొరపాట్లు కాలేయమంతటా చెల్లాచెదరుగా పేరుకుపోతాయి. నోటి క్యాన్సర్లను పరిశీలించిన స్లాటర్, ఆయన సహచరులు 1953లో ఇటువంటి స్థితిని ‘క్షేత్ర క్యాన్సరీకరణ’ అన్నారు. ఒక్క మొక్కకు కాక పొలం మొత్తానికి తెగులు సోకడం వంటిది ఇది. అటువంటి పొలంలో ఒకేకాలంలో రెండుచోట్ల వేర్వేరు మొలకలు రావడంలో వింత లేదు. మొలిచిన ఒక్క మొక్కే భూమి కింద పిలకలు వేసి తుంగలా పాకవచ్చు కూడా. పైకి చూస్తే రెండూ కలుపే. వేరు తవ్వి చూస్తేనే తేడా తెలుస్తుంది.

సూక్ష్మదర్శిని చెప్పే సాక్ష్యం

వేరు తవ్వే పనిలో మొదటి సాధనం కణుతి ఉన్న స్థానం. కాలేయానికి చేరే రక్తంలో సుమారు మూడువంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా, తక్కినది కాలేయ ధమని ద్వారా వస్తుంది. 1957లో ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ క్వీనో ఈ రక్తనాళాల శాఖలను అనుసరించి కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా విభజించి చూపాడు. కాలేయ క్యాన్సర్ కణాలు సాధారణంగా తమ పరిసరాల్లోని పోర్టల్ సిర శాఖల్లోకి చొరబడి, ఆ శాఖ పరిధిలోనే మళ్ళీ నాటుకుంటాయి. పెద్ద కణితి చుట్టూ రెండు సెంటీమీటర్ల లోపు చిన్నచిన్న ఉపగ్రహాల్లా కనిపించే కణుతులు ఇలా పుట్టినవే. జపాన్ శస్త్రవైద్యుడు మసతోషి మకూచి 1980లలో కణితిని మాత్రమే కాక, అది ఉన్న సిరాశాఖ పరిధి మొత్తాన్ని తొలగించే పద్ధతిని రూపొందించడానికి ఆధారం ఈ అవగాహనే. చిన్న కణితి దూరాన వేరే ఖండంలో ఉంటే అది విడిగా పుట్టిందనే అనుమానం బలపడుతుంది. కాని అది నిర్ధారణ కాదు. క్యాన్సర్ కణాలు గుండె మీదుగా ఒక చుట్టు తిరిగి ధమని ద్వారా కాలేయానికి మళ్ళీ చేరగలవు.

రెండవ సాధనం కణజాల స్వరూపం. కాలేయ క్యాన్సర్ సాధారణంగా మెట్లు ఎక్కుతూ ముదురుతుంది. మొదట మామూలు కణాలను చాలావరకు పోలిన తొలిదశ. తరవాత ఆ పోలిక తగ్గుతూ, చివరికి పూర్తిగా చెడిపోయిన దశ. ముదిరిన కణితి నుంచి వలసపోయిన సంతానం తల్లికణితి అంతగానో, అంతకంటె ఎక్కువగానో ముదిరి ఉంటుంది తప్ప, మళ్ళీ తొలిదశ రూపానికి తిరిగిరాదు. ఈ తర్కం మీదనే జపాన్ కాలేయ క్యాన్సర్ అధ్యయన సంఘం తన ప్రమాణాలను రూపొందించింది. ఒక కణితి ముదిరినదై, రెండవది తొలిదశలో ఉంటే అవి విడిగా పుట్టినవి. రెండూ తొలిదశలోనే ఉన్నా అంతే. ఒక కణితి పోర్టల్ సిరలోని క్యాన్సర్ గడ్డ నుంచి పెరిగినట్టు కనిపిస్తే అది మెటాస్టాసిస్. పెద్ద కణితి చుట్టూ చేరి, దానిలాగానో అంతకంటె ముదిరినట్టుగానో కనిపించే చిన్న కణుతులు కూడా మెటాస్టాసిస్‌లే.

ఈ ప్రమాణాలకు ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. అనుభవమున్న పాథాలజిస్టు, మంచి సూక్ష్మదర్శిని, రెండు కణుతుల నుంచీ తీసిన కణజాలం ఉంటే చాలు. రెండు కణుతులూ ఒకే స్థాయిలో ముదిరి, దూరదూరంగా ఉన్నప్పుడే చిక్కు. అక్కడ ఈ ప్రమాణాలు ఏమీ చెప్పలేవు.

వైరస్ వదిలిన ఆనవాలు

హెపటైటిస్ బి వైరస్ తనకు తెలియకుండానే ఈ చిక్కుకు ఒక పరిష్కారాన్ని అందించింది. దాని డీఎన్‌ఏ సుమారు 3,200 అక్షరాల పొడవైన చిన్న వలయం. దాని ముక్కలు ఒక్కోసారి కాలేయకణపు డీఎన్‌ఏలో ఇరుక్కుపోతాయి. వైరస్ జీవనానికి ఇది అవసరం లేదు. జరిగిపోయే ఒక ప్రమాదం మాత్రమే. కాలేయ క్యాన్సర్ కణాల్లో ఇలా ఇరుక్కున్న వైరస్ ముక్కలను 1980, 1981లలో పలు పరిశోధనశాలలు గుర్తించాయి.

మనిషి డీఎన్‌ఏ ఒక ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. వైరస్ ముక్క ఇరుక్కోవడానికి వాటి మధ్య ఎన్ని చోట్లున్నాయో ఊహించవచ్చు. రెండు వేర్వేరు కణాల్లో అది సరిగ్గా ఒకే అక్షరం దగ్గర చేరడం దాదాపు అసంభవం. అలా చేరిన కణం క్యాన్సర్‌గా మారితే దాని సంతానమంతా ఆ గుర్తును మోస్తుంది. కనుక రెండు కణుతుల్లోనూ వైరస్ ఒకేచోట ఉంటే అవి ఒకే వంశానివి. వేర్వేరు చోట్ల ఉంటే వేర్వేరు వంశాలవి. డీఎన్‌ఏను ముక్కలు చేసి, పొడవుల ప్రకారం వేరుచేసి, వెతుకుతున్న ముక్కను పట్టుకునే పద్ధతిని ఎడ్విన్ సదర్న్ 1975లో ప్రకటించాడు. 1980లలో దాన్నే ఉపయోగించి ఒకే రోగి కణుతులను పక్కపక్కన పెట్టి పోల్చారు. కొందరిలో కణుతులన్నిటికీ ఒకే గుర్తు కనిపించింది, కొందరిలో వేర్వేరు గుర్తులు కనిపించాయి. శస్త్రచికిత్స జరిగిన కొన్నేళ్ళకు తిరిగి వచ్చిందనుకున్న క్యాన్సర్ కొందరిలో నిజానికి కొత్తగా పుట్టినదని కూడా ఈ పద్ధతి వల్లనే తెలిసింది.

కోరంగి అన్న పేరు

వంశాన్ని చెప్పే గుర్తును, కారణాన్ని మాత్రమే చెప్పే గుర్తును కలగాపులగం చేస్తే పరీక్ష తప్పుదారి పడుతుంది. ఈ తేడాను వివరించడానికి రంగూన్ చరిత్రలోనే ఒక పోలిక ఉంది. తెలుగు తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళి రేవులోను, బియ్యం మిల్లుల్లోను పనిచేసినవారిని బర్మాలో ‘కోరంగీ’లు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చిన పేరది. ఆ రేవు ముఖం చూడని విశాఖపట్నం జిల్లావారికి కూడా అదే పేరు అంటుకుంది. ఆ పేరున్న ఇద్దరు అన్నదమ్ములని దాన్నిబట్టి ఎవరూ నిర్ణయించలేరు. అది వాళ్ళు వచ్చిన దారిని చెబుతుంది. పుట్టిన ఇంటిని తెలుసుకోవాలంటే ఇంటిపేరు, ఊరిపేరు అడగాలి.

కణుతుల్లోనూ ఇటువంటి ‘కోరంగి’ గుర్తులున్నాయి. వేరుశనగ, మొక్కజొన్న వంటి పంటలను తేమలో నిలవచేస్తే పెరిగే ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వేరుశనగ విస్తారంగా పండి, దాని నూనె వంటల్లో వాడుకలో ఉన్న మయన్మార్‌కు, మన అనంతపురం ప్రాంతానికి ఇది పరిచయమైన సమస్యే. చైనాలోని చిడోంగ్ నుంచి, ఆఫ్రికా దక్షిణభాగం నుంచి సేకరించిన కాలేయ కణుతులను పరిశీలించిన రెండు బృందాలు 1991లో ఒకే విషయాన్ని ప్రకటించాయి: అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉన్న ప్రాంతాల కణుతుల్లో పీ53 అనే జన్యువులోని 249వ సంకేతంలో ఒకే రకమైన మార్పు మళ్ళీమళ్ళీ కనిపిస్తోంది. ఒకరికొకరు ఏమీ కాని మనుషుల కాలేయాల్లో ఒకే మార్పు వచ్చిందంటే, ఆ విషం అదేచోట దెబ్బ కొడుతోందన్నమాట. కనుక ఒకే రోగిలోని రెండు కణుతుల్లో 249వ సంకేతం మారి ఉన్నంత మాత్రాన అవి తల్లీబిడ్డలని చెప్పలేము. టెర్ట్ అనే జన్యువు ముందుభాగంలో చాలా కాలేయ క్యాన్సర్లలో కనిపించే మార్పుకు కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. కొద్ది జన్యువులను మాత్రమే పరీక్షించి, రెంటిలోనూ ఒకే మార్పు ఉందని మెటాస్టాసిస్‌గా ముద్రవేస్తే, విడిగా పుట్టిన కణుతిని వలస కణుతిగా పొరబడే ప్రమాదం ఉంది.

దీనికి వ్యతిరేకదిశలో కూడా పొరపాటు జరగవచ్చు. తల్లి నుంచి విడిపోయిన తరవాత కూడా కణుతి కొత్త మార్పులను పోగుచేసుకుంటూనే ఉంటుంది. కనుక తేడాలు కనిపించాయని చుట్టరికం లేదనలేము. చూడవలసింది మొదలులోని మార్పులు ఉమ్మడివా కావా అన్నది. వైరస్ ఇరుకుడు గుర్తుకు కూడా ఒక మినహాయింపు ఉంది. దీర్ఘకాల హెపటైటిస్‌లో ఒకే కణం సంతానం క్యాన్సర్ కాకముందే ఒక చిన్న పాయగా పెరిగి ఉండవచ్చు. ఆ పాయలోని రెండు కణాలు తరవాత విడివిడిగా క్యాన్సర్‌గా మారితే, గుర్తు ఒకటే అయినా కణుతులు వేరే. జన్యుపటాన్ని మొత్తంగా చదివి, వేలకొద్దీ మార్పులను పోల్చినప్పుడే ఇటువంటి సూక్ష్మమైన తేడాలు తేలతాయి. అలా చదివిన కొందరు రోగుల్లో రెండు స్థితులూ కలిసే కనిపించాయి: విడిగా పుట్టిన రెండు కణుతులు, వాటిలో ఒకదాని నుంచి వలసపోయిన మూడవది.

కాలం ఇచ్చే సూచన

జన్యుపరీక్ష అందని చోట కాలాన్నే సాక్షిగా పిలుస్తారు. కాలేయ క్యాన్సర్‌ను కోసి తీసేసినవారిలో సుమారు 70 శాతం మందికి అయిదేళ్ళలోపు మళ్ళీ కణుతి కనిపిస్తుంది. రెండేళ్ళలోపు వస్తే శస్త్రచికిత్స నాటికే విడిపోయి దాగి ఉన్న కణాల పనిగాను, రెండేళ్ళ తరవాత వస్తే కొత్త పుట్టుకగాను భావించడం వాడుకలో ఉంది. ఈ రెండేళ్ళ గీత ఉజ్జాయింపు మాత్రమే, అయినా దాని వెనుక తర్కం ఉంది. త్వరగా వచ్చేవి మొదటి కణుతి లక్షణాలతో ముడిపడి ఉంటాయి: దాని పరిమాణం, అది రక్తనాళాల్లోకి చొరబడిందా లేదా అన్న సంగతి. ఆలస్యంగా వచ్చేవి మిగిలిన కాలేయపు స్థితితో ముడిపడి ఉంటాయి: సిర్రోసిస్ తీవ్రత, రక్తంలో వైరస్ మోతాదు. అందుకే టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి వైరస్ నిరోధక మందుల వల్ల ప్రధానంగా తగ్గేవి ఆలస్యంగా వచ్చే క్యాన్సర్లు. నాలుగేళ్ళ తరవాత కనిపించిన చిన్న కణుతిని ‘వ్యాధి తిరగబెట్టింది, ఇక చేసేదేమీ లేదు’ అని వదిలేయడం చాలా సందర్భాల్లో తప్పు. అది కొత్త క్యాన్సర్ తొలిదశ అయివుండవచ్చు. మళ్ళీ కోయడానికో, వేడితో కాల్చివేయడానికో వీలుండవచ్చు.

ఆసుపత్రిలో జరిగేది

ఇంత తెలిసినా, రోజువారీ వైద్యంలో ఈ ప్రశ్న తరచుగా అడగబడదు. కాలేయ క్యాన్సర్‌ను కణజాలం తీయకుండానే నిర్ధారించవచ్చు. ఈ కణుతులు ధమని రక్తం మీదే ఆధారపడతాయి కనుక, సీటీ లేదా ఎంఆర్ఐ స్కాన్‌లో మందు ఎక్కించిన వెంటనే చుట్టుపక్కల కణజాలంకంటె ప్రకాశించి, తరవాత వెలవెలబోతాయి. సిర్రోసిస్ ఉన్నవారిలో ఆ లక్షణం కనిపిస్తే బయాప్సీ అక్కర్లేదు. ఇది రోగికి మేలే. కాని కణజాలం లేకపోతే చుట్టరికాన్ని పరీక్షించే అవకాశం కూడా పోతుంది.

అందువల్ల ప్రమాణాలన్నీ లెక్క మీద నిలబడ్డాయి. కాలేయమార్పిడికి ఎవరు అర్హులో చెప్పే మిలాన్ ప్రమాణాలను విన్సెంజో మజ్జాఫెరో బృందం 1996లో ప్రకటించింది: కణుతి ఒకటే అయితే అయిదు సెంటీమీటర్ల లోపు, మూడు దాకా ఉంటే ఒక్కొక్కటీ మూడు సెంటీమీటర్ల లోపు. అంతర్జాతీయ దశానిర్ణయ పద్ధతి కూడా విడిగా పుట్టిన కణుతులను, కాలేయంలోపలి మెటాస్టాసిస్‌లను ఒకే వర్గంలో చేరుస్తుంది. చికిత్సకు ముందు తేల్చలేని విషయాన్ని ప్రమాణంగా పెట్టలేరు కనుక ఇందులో న్యాయం ఉంది. కాని ఫలితం ఏమిటంటే, రెండు చిన్న తొలిదశ క్యాన్సర్లున్న మనిషి, క్యాన్సర్ రక్తంలోకి పాకిన మనిషి ఒకే పేరుతో ఒకే వరసలో నిలబడతారు. నిజానికి కాలేయమార్పిడి వల్ల ఎక్కువ మేలు పొందేది మొదటివారు. వారి విషయంలో కణుతులతోపాటు తెగులుపట్టిన పొలం కూడా తొలగిపోతుంది. రెండవవారిలో దాగి ఉన్న కణాలు, మార్పిడి తరవాత వాడే రోగనిరోధక శక్తిని అణచే మందుల నీడలో మళ్ళీ పెరిగే ప్రమాదం ఉంది.

యాంగోన్‌లో వైద్యుడు పరిగణించవలసినవి ఈ రెండు అవకాశాలే కాదు. మలాశయం, పెద్దపేగుల క్యాన్సర్లు పోర్టల్ సిర దారినే కాలేయానికి చేరతాయి. మగ్గని చేపల ద్వారా సోకి పిత్తవాహిక క్యాన్సర్‌కు దారితీసే ఒపిస్థార్కిస్ వివెరిని అనే కాలేయపు పురుగు యాంగోన్ ప్రాంతంతో సహా దిగువ మయన్మార్ ప్రజల్లో ఉన్నట్టు 2017లో ప్రకటించారు. కనుక కాలేయంలోని రెండవ కణుతి వేరే జాతి క్యాన్సర్ కూడా కావచ్చు. ఆర్జినేస్-1, గ్లిపికాన్-3 వంటి ప్రొటీన్లకు రంగువేసే పరీక్షలు కాలేయకణ క్యాన్సర్‌ను తక్కినవాటి నుంచి వేరుచేయడంలో తోడ్పడతాయి. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో, కాలేయ క్యాన్సర్ రోగి ఊపిరితిత్తిలో కనిపించిన మచ్చను పరీక్షించకుండా మెటాస్టాసిస్ అనేయడం కూడా సరికాదు. ఆ ఒక్క మాటతో శస్త్రచికిత్స అవకాశం మూసుకుపోతుంది. క్షయ అయితే అది మందులతో నయమయ్యేది.

జన్యుపటాన్ని చదివించే వీలు లేనిచోట కూడా చేయగలిగినది కొంత ఉంది. రెండు కణుతులు ఒకే సిర పరిధిలో ఉన్నాయా, పోర్టల్ సిరలో క్యాన్సర్ గడ్డ ఉందా, పరిమాణాల్లో ఎంత తేడా ఉంది, మొదటి చికిత్స జరిగి ఎంతకాలమైంది అన్నవి స్కాన్‌లోను, పాత కాగితాల్లోను దొరికే సమాధానాలే. శస్త్రచికిత్స జరిగితే పెద్ద కణుతితో ఆగకుండా ప్రతి కణుతి నుంచీ విడివిడిగా ముక్క తీసి పరీక్షించాలి. ఆ మైనపు దిమ్మెలను భద్రపరిస్తే, నేడు తేలని చుట్టరికం కొన్నేళ్ళ తరవాత తేలవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ తీర్పు చెప్పలేకపోయినా, అన్నీ కలిసి చాలావరకు దారి చూపుతాయి.

విడిగా పుట్టే కణుతుల విషయంలో మరొక ఆశ కూడా ఉంది. వాటిని ముందుగానే నివారించవచ్చు. తైవాన్ 1984లో హెపటైటిస్ బి టీకాను నవజాత శిశువులకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు తగ్గిందని 1997లో ప్రకటించారు. మయన్మార్‌లో 2003 తరవాత పుట్టిన తరం ఇప్పుడిప్పుడే ఇరవైల్లో అడుగుపెట్టింది. ఈ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే వయసుకు వారు చేరడానికి ఇంకా రెండు, మూడు దశాబ్దాలు పడుతుంది. అప్పటిదాకా టీకాకు ముందు పుట్టినవారి కాలేయాలే స్కాన్ తెరల మీద కనిపిస్తూ ఉంటాయి. వారిలో ఒకరికి రెండవ కణుతి కనిపించినప్పుడు ‘వ్యాపించింది’ అన్న మాట పలికే ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం, ఆ కాలేయంలోని వైరస్‌కు మందు మొదలుపెట్టడం, ఈ రెండూ నేడు యాంగోన్‌లోనూ, మన ఊళ్ళలోనూ చేయగలిగిన పనులే.